నాయనమ్మ యెరికో

పడగొట్టే ముందు గోడలకున్నవన్నీ తీసి కానుగ చెట్టు కింద పెట్టారు. సిలువ మార్గం పటాలు, ఆగిపోయిన గోడ గడియారం, మైకు పెట్టె, చనిపోయిన వాళ్ళెవరి పేరో రాయించిన కుర్చీలు. వాటి మధ్య ఒక పటాన్ని చూసి నా తమ్ముడు బాలశౌరి ఫోన్ చేశాడు. "అక్కా, నాయనమ్మ యెరికో దొరికింది. నువ్వొచ్చి పట్టుకెళ్తావా, ఎవరితోనన్నా పంపించమంటావా?" అన్నాడు. నేనప్పుడు బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులో ఉన్నాను. మాత్రలు తీసుకోకుండానే బయటికి వచ్చి కంకిపాడు బస్సెక్కాను. మా పేటలో బాలశౌరి వాళ్ళు మట్టి గుడి తీసేసి స్లాబు గుడి కడుతున్నారని నాకు ముందే తెలుసు. తెలిసి కూడా చూడబుద్ధి కాక వెళ్ళలేదు. యెరికో దొరికిందన్న మాట మాత్రం నన్ను నిలవనివ్వలేదు.

ఆ పటం గురించి చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి. ఆయన మా పేటకి ఉపదేశి. అంటే ఫాదర్ గారు నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్ళిపోతే, మిగతా రోజులన్నీ గంట కొట్టడం, జపాలు చెప్పించడం, బైబిలు కథలు చెప్పడం, చనిపోతే ప్రార్థన చెయ్యడం అన్నీ ఆయన పనే. పేరు ఇన్నయ్య అయినా ఊరందరికీ ఉపదేశి గారే. తెలుగు గడగడా చదివేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడు. ఒకసారి విదేశం నుంచి ఒక ముసలి ఫాదర్ గారు మా పల్లెలు చూడ్డానికి వచ్చి, మా ఇంట్లో మజ్జిగ తాగి, సంచిలోంచి ఒక పెద్ద క్యాలెండరు తీసి నాన్న చేతిలో పెట్టి వెళ్ళాడు. నెలకో బొమ్మ. అంత నునుపైన కాగితం మా ఇంట్లోకి రావడం అదే మొదలు. కింద రాసినవి ఇంగ్లీషు అక్షరాలే గానీ ఇంగ్లీషు కాదు. నాన్న రెండు రోజులు కుస్తీ పట్టి వదిలేశాడు.

ఏడాది గడిచాక ఆ బొమ్మలు ఇంట్లో తలో దిక్కుకీ వెళ్ళాయి. ఎడారి నేల మీద గీతలతో గీసిన పెద్ద కోతి బొమ్మ నా లెక్కల పుస్తకానికి అట్ట అయింది. అది చూసి నాయనమ్మ, "ఇంత ముగ్గేసిందెవత్తే? ఆ పిల్లకి నడుం పడిపోయుంటది" అంది. ఎర్ర చిలకలున్న అడవి బొమ్మ బియ్యం డబ్బా మీదకెక్కింది. మంచు కొండ చెక్క అలమరలో పరుచుకుని కిరసనాయిలు మరకలతో చచ్చింది. కొండ శిఖరం మీద రాళ్ళతో కట్టిన ఊరి బొమ్మ మాత్రం మా బాబాయి చిన్నప్ప ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బాబాయి అప్పటికే బెజవాడలో తాపీ పని నేర్చుకుంటున్నాడు. ఆ బొమ్మ ముందు కూర్చుని, "రాయికి రాయికి మధ్యన సున్నం లేదురా. చాకు దూరే సందు లేదు. వీళ్ళు మేస్త్రీలంటే" అని తనలో తనే మురిసిపోయేవాడు.

ఒక బొమ్మ మిగిలింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. కంటికి ఆనినంత మేరా మట్టి గోడలు, కప్పులు లేవు, మొండి గోడలే. కొన్ని కూలి కుప్పలై ఉన్నాయి. నిలిచి ఉన్న గోడల మీద చేపలు, కొంగల్లాంటి పక్షులు, వల కళ్ళలాంటి గళ్ళు చెక్కి ఉన్నాయి. మూలన టోపీ పెట్టుకున్న మనిషి ఒకడు. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "అమ్మా, ఇది యెరికో పట్నం" అని తేల్చేశాడు. ఇశ్రాయేలు ప్రజలు ఏడు రోజులు చుట్టూ తిరిగి బూరలు ఊదితే గోడలు కూలిన ఊరు. టోపీవాడు వాళ్ళ నాయకుడు యెహోషువ పంపిన వేగులవాడట. ఎవరికీ అనుమానం రాలేదు. విదేశీ ఫాదర్ గారు ఇచ్చిన క్యాలెండరులో పరిశుద్ధ భూమి కాక ఇంకేం ఉంటుంది? నాన్న దానికి బెజవాడలో అద్దం కట్టించి, కింద రాసిన పేరు ఫ్రేములో మడత పడి కనిపించకుండా పోతే పోనీలే అని, గుడిలో తూర్పు గోడకి తగిలించాడు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలంలో దాని ముందు నిలబడి కథ చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు.

మా గుడి కూడా మట్టిదే. తాత బతికున్నప్పుడు ఆయనా ఆయన ఈడువాళ్ళూ పొలం పనులు లేని రోజుల్లో కాలవ గట్టు మట్టి తొక్కి, మోచెయ్యంత మందాన గోడలు పెట్టి, తాటాకు కప్పారు. కోతలయ్యి గడ్డి వచ్చాక, క్రిస్మస్‌కి ముందు, పేటలో ఆడవాళ్ళంతా కలిసి ఆ గోడల్ని అలకాలి. అది మా ఆనవాయితీ. పెద్ద గుంటలో నల్లమట్టి నానబెట్టి, ఊక, తరిగిన గడ్డి, పేడ కలిపి తొక్కేవాళ్ళు. రెండు రోజులు పులిశాక ఆ మట్టికొక వాసన వచ్చేది. పుల్లగా, పచ్చిగా, ముక్కుపుటాలకి పట్టుకునేది. ఇప్పటికీ ఊడ్పుల ముందు దమ్ము చేసిన చేను పక్కనుంచి బస్సు వెళ్తే నాకు డిసెంబరు అనిపిస్తుంది. ఆ రోజు వంట గుడి దగ్గరే. ఎండుచేపల పులుసు, పొగలు కక్కే అన్నం. పిల్లలం తిండి కోసమే పనికి వెళ్ళేవాళ్ళం, అబద్ధమెందుకు.

ఆ పనికి పెద్ద మా నాయనమ్మ శౌరమ్మ. సన్నగా, నల్లగా, కోపిష్టిది. నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. గుడిలోకి వెళ్ళేటప్పుడు చుట్ట ఆర్పి చూరులో దోపి, వచ్చేటప్పుడు మళ్ళీ తీసుకునేది. దేవుడికి కూడా పొగ పడదు అనేది. చిన్నప్పుడు కోతల్లో కొడవలి తగిలి ఆమె కుడి ఉంగరం వేలు వంగిపోయి అరచేతికి అతుక్కుంది. అలికేటప్పుడు అందరి చేతులూ గోడ మీద నాలుగు వేళ్ళ వంపు గీతలు దిద్దితే, ఆమె చెయ్యి మూడు దిద్దేది. మధ్యలో ఒక ఖాళీ. ఏ గోడ ఎవరు అలికారో చెప్పనక్కర్లేదు. మర్నాడు వాటి మీద సున్నం కొట్టేసేవాళ్ళు, మళ్ళీ ఏడాది దాని మీద ఇంకో పూత.

గొడవ ఆ గోడల దగ్గరే వచ్చింది. ఒక ఆదివారం జపాలయ్యాక బాబాయి లేచి, మట్టి గుడి తీసేసి ఇటుకలతో కడదాం, నేను కూలి తీసుకోకుండా కట్టి పెడతా అన్నాడు. మంచి మాటే. కానీ ఉద్యోగంలో చేరిన కొత్త కలెక్టరులాగా అందరి ముందూ చెప్పాడు, ముందు అన్నని అడగలేదు. నాన్నకి నషాళానికంటింది. "నాన్న పెట్టిన గోడరా ఇది. నువ్వు నాలుగు ఇటుకలు పేర్చగానే మేస్త్రీవైపోయావా?" అన్నాడు. "నాన్నకి సిమెంటు దొరక్క మట్టి పెట్టాడు, ముచ్చటపడి కాదు" అన్నాడు బాబాయి. మాటా మాటా పెరిగింది. నాన్న చెయ్యెత్తాడు. కొట్టలేదు గానీ ఎత్తాడు, అందరూ చూశారు. బాబాయి ఆ చేతినే చూస్తూ, "ఈ పేటలో మళ్ళీ కాలు పెడితే నా చెప్పుతో నన్నే కొట్టండి" అని గుడి మెట్లు దిగాడు. ఆ సాయంత్రం రాళ్ళ ఊరి బొమ్మ చుట్టి చంకలో పెట్టుకుని హనుమాన్ జంక్షన్ వెళ్ళిపోయాడు. గంట ప్రయాణం. గంట దూరంలో ఉన్న కొడుకు కోసం ఒక తల్లి అంత ఏడవడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ రోజు నుంచి నాయనమ్మ శుక్రవారం శుక్రవారం జపమాల పట్టుకుని గుడి చుట్టూ ఏడుసార్లు తిరిగి, లోపలికొచ్చి ఆ పటం ముందు మోకరించేది. పెదవులు కదిలేవి గానీ మాట బయటికి వచ్చేది కాదు. ఏం అడుగుతున్నావని నేను అడిగితే, "నా ఇద్దరు కొడుకుల మధ్యన లేచిన గోడ పడాలని" అంది. నాకు నవ్వొచ్చింది. ముందు రోజే కదా చేతులు పగిలేలా గుడి గోడ అలికింది. "గోడ పడాలని ప్రార్థన చేస్తా గోడ అలుకుతావేంటే నాయనమ్మా?" అన్నాను. నెత్తి మీద ఒక మొట్టికాయ మొట్టి, "పడాల్సిన గోడ వేరు, ఉండాల్సిన గోడ వేరు. నీకు పెళ్ళయితే తెలుస్తదిలే" అంది. పెళ్ళయింది, పిల్లలయ్యారు. తెలిసింది కూడా.

ఆమె పట్టు ముందు నాన్న ఎంతకాలం నిలుస్తాడు! నిద్ర లేస్తే అదే మాట, కంచం ముందు అదే మాట. చివరికి మెత్తబడ్డాడు. పాస్కా పండగ, అదే ఈస్టరు, అయిన మర్నాడు తనే హనుమాన్ జంక్షన్ వెళ్ళి తమ్ముణ్ణి తీసుకొస్తానన్నాడు. నాయనమ్మ ఆ నలభై రోజుల శ్రమల కాలంలో చుట్ట మానేసింది. ఇంట్లో అందరితోనూ ప్రేమగా మాట్లాడింది. మాకది చుట్ట మానడం కంటే వింతగా తోచింది. బాబాయికి ఇష్టమని చింతకాయ తొక్కు రెండో జాడీ కూడా పెట్టింది.

సరిగ్గా అప్పుడే మా విచారణకి, అంటే చుట్టుపక్కల పల్లెల గుళ్ళన్నిటికీ కలిపి, కొత్త ఫాదర్ గారు వచ్చారు. కుర్రాడు, బాగా చదువుకున్నవాడు, మనసులో కల్మషం లేనివాడు. పండగకి ముందొచ్చే మట్టలాదివారం నాడు గుడి నిండా జనం ఉండగా తూర్పు గోడ దగ్గర ఆగి, పటం కిందికి దించి, వెనక అట్ట ఊడదీసి, మడతలో ఉన్న అక్షరాలు చదివారు. "ఉపదేశి గారూ, ఇది యెరికో కాదండీ. పెరూ అని దక్షిణ అమెరికాలో ఒక దేశం. అక్కడ చాన్ చాన్ అనే పాత పట్నం అండి ఇది" అన్నారు నవ్వుతూ. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. సాయంత్రానికి మా నాన్న 'పెరూ ఉపదేశి' అయిపోయాడు. కాలవ గట్టున గేదెలు కాసేవాళ్ళు కూడా, "ఏం పెరూ, గంట కొట్టలేదా ఇంకా?" అని ఎగతాళి చేశారు. ఆ మాట జంక్షన్ దాకా పాకింది. అక్కణ్ణుంచి బాబాయి ఎవరితోనో అన్న మాట తిరిగి మా ఇంటికి వచ్చింది. "మట్టి గోడైతే చాలు, మా వాడికి ఎక్కడున్నా పరిశుద్ధమే."

ఆ ఒక్క మాట. మామూలు రోజుల్లో అయితే నాన్న కూడా నవ్వేసేవాడేమో. ఆ రోజు అన్నం కంచం తోసేసి లేచిపోయాడు. పాస్కా పండగ వచ్చింది, వెళ్ళింది. మర్నాడు నాయనమ్మ తెల్లచీర కట్టుకుని తొక్కు జాడీ ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. నాన్న పక్కనుంచే పొలానికి వెళ్ళిపోయాడు. ఆమె మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని, తర్వాత లేచి, చూరులోంచి చుట్ట తీసి వెలిగించుకుంది. దేశం పేరు తప్పు చెప్పినందుకు ఇంత శిక్షా?

నాన్న ఆ పటాన్ని అటక మీద పడేశాడు. నాయనమ్మ నిచ్చెన వేయించి దించింది. "ఊరి పేరు మారితే గోడ మారుద్దా? ఏ ఊరిదైతే ఏంటి, మట్టిదేగా. పెట్టు మళ్ళీ" అని నాన్న చేతే తగిలించింది. తర్వాత నేను టీచరు ట్రైనింగ్‌లో చేరాక, ఆ ఊరి గురించి దొరికినంత చదివి సెలవులకి వచ్చినప్పుడల్లా చెప్పేదాన్ని. సముద్రం పక్కనే ఎడారిలో ఉందని, చిమూ అనేవాళ్ళు ఆ దేశాన్నేలిన ఇంకా రాజుల కంటే ముందే కట్టారని, అక్కడ వాన దాదాపు పడదని, అందుకే వందల ఏళ్ళు మట్టి నిలిచిందని. ఎప్పుడన్నా కొన్నేళ్ళకోసారి సముద్రం వేడెక్కి ఒక్కసారిగా వానలు దంచి కొడితే గోడలు కరిగిపోతాయని. ఆ ఏడు మనకి వానలు సరిగ్గా పడవని కూడా చెప్పాను. అది క్రిస్మస్ వేళకి వస్తుందని అక్కడి జాలరులు దానికి బాలయేసు పేరు పెట్టారంటే ఆమె నోట్లో చుట్ట జారిపోయింది. "ఓరి వీళ్ళ దుంపతెగ! గోడలు కూల్చేదానికి బాలయేసు పేరా?" అని రుసరుసలాడింది. జారిన చుట్ట ఏరుకుని, "అయితే ఇక్కడ వాన పడాలని అడిగితే చాలు, అక్కడ గోడలు కూడా నిలబడతయ్యి. ఒక్క ప్రార్థనతో రెండు పనులు" అంది. అప్పట్నుంచి జూన్‌లో మబ్బు పట్టకపోతే పొలం కంటే ముందు పెరూ గురించి బెంగపడేది. "పాపం అక్కడ అలికేదానికి ఆడాళ్ళున్నారో లేదో" అనేది.

ఆమె పోయినప్పుడు బాబాయి వచ్చాడు. పేటలోకి రాలేదు. సమాధుల దొడ్డి కాలవకి అవతల ఉంది కాబట్టి సరాసరి అక్కడికే వచ్చాడు. గుంటకి అటు నాన్న, ఇటు బాబాయి. ఇద్దరూ చెరో గుప్పెడు మట్టి వేశారు. అంతకంటే దగ్గరగా వాళ్ళిద్దరూ మళ్ళీ నిలబడలేదు. ఎవరైనా ఒక్కరు తలెత్తితే బాగుండేది. ఎత్తలేదు. నాన్న పోయినప్పుడు కబురు చేస్తే బాబాయి రానే లేదు. నేను నెలకోసారి జంక్షన్ వెళ్ళి చూసొస్తూ ఉంటాను గానీ, ఆయన నోటి నుంచి 'అన్నయ్య' అన్న మాట గొడవ జరిగాక ఒక్కసారి కూడా వినలేదు. తప్పనిసరైతే 'మీ నాన్న' అనేవాడు.

మొన్న నేను వెళ్ళేసరికి గుడికి మూడు గోడలు పోయాయి. తూర్పు గోడ మిగిలింది. తాటాకు పోయి రేకులు వచ్చి, నాయనమ్మ తరం పోయాక అలకడం మానేసి పైన సిమెంటు పూత పూశారు. లోపల చెమ్మ పట్టి అడుగున మట్టి ఉబ్బింది. నాకు తెలియకుండానే బాలశౌరి మీద నోరు లేచింది. "అక్కడ పెరూలో ఇట్టాంటి మట్టి గోడల్ని ప్రపంచమంతా కలిసి కాపాడుకుంటందిరా. ప్రపంచ వారసత్వమని జాబితాలో రాసిన నాడే ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో కూడా రాశారు. గోడల మీద పందిళ్ళు వేసి మనుషుల్ని పెట్టి చూసుకుంటన్నారు. నువ్వు ఒక జేసీబీతో..." అన్నాను. బాలశౌరి కోప్పడలేదు. "అక్కా, వాన పడితే నీ నెత్తిన కారుద్దా, మా నెత్తిన కారుద్దా? నీ బెంజ్ సర్కిల్ ఇంటికి స్లాబు వేసుకున్నావా, మట్టి పెట్టుకున్నావా?" అన్నాడు. వాడన్నది నిజం. నిజమైనా నాకు మండింది. అప్పట్లో గోడ కారితే ఊరంతా కదిలి అలికేది. ఇప్పుడు అలికేవాళ్ళు లేరు, నాతో సహా. అలకని గోడ మీద నాకేం హక్కుంది?

జేసీబీ ఒకసారి తోసింది, గోడ కదల్లేదు. డ్రైవరు దిగి వచ్చి, "ఇదేంటండీ, మట్టేగా?" అని ఆశ్చర్యపోయాడు. మళ్ళీ తోస్తే కూలింది. నేను ఆ పెళ్ళల దగ్గర కూర్చున్నాను. విరిగిన చోట ఏడాదికో పూత, పూత పూతకీ మధ్య సున్నపు గీత, మడతకాజా పొరల్లాగా కనిపిస్తున్నాయి. ఒక పెళ్ళ సున్నం దగ్గర ఊడి వచ్చింది. దాని మీద వేళ్ళ గీతలు. మూడు. మధ్యలో ఖాళీ. నాయనమ్మ ప్రార్థించిన గోడ కాదు, అలికిన గోడ పడింది. పడాల్సింది మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఆ పెళ్ళని నా చున్నీలో చుట్టుకుని, పటం చంకలో పెట్టుకుని ఇంటికి రాకుండా హనుమాన్ జంక్షన్ వెళ్ళాను. బాబాయి నడవలో వాలుకుర్చీలో ఉన్నాడు. జంక్షన్‌లో సగం మేడలు ఆయన చేతి మీదుగా లేచినవే. ఇప్పుడు మోకాళ్ళు పని చెయ్యవు. వెనక గోడకి రాళ్ళ ఊరు, రంగు వెలిసిపోయి, అద్దంలో. "గుడి తీసేశారు బాబాయ్" అన్నాను. సంతోషిస్తాడని అనుకోలేదు గానీ ఆ మొహం అలా వాడిపోతుందని కూడా అనుకోలేదు. "ఎవరు తియ్యమన్నారే?" అన్నాడు. "ఒక్క తోపుకి పడిందా?" అని అడిగాడు మళ్ళీ. పడలేదన్నాను. "పడదు. ఎట్టా పడుద్ది?" అన్నాడు, అదేదో తనే కట్టినట్టు.

చున్నీ విప్పి పెళ్ళ ఒళ్ళో పెట్టాను. ఆయన దాన్ని తాపీవాడు చూసినట్టే చూశాడు ముందు, అంచు నలిపి, ఊక చూసి. తర్వాత వెలుగుకి తిప్పాడు. గీతలు కనిపించాయి. తన వేళ్ళు ఒక్కొక్కటే ఆ గీతల్లో పెట్టుకుంటూ వచ్చాడు. ఉంగరం వేలు దగ్గరికి వచ్చేసరికి పెట్టడానికి చోటు లేక అది పైకే ఉండిపోయింది. రాలిన మట్టి పాలరాతి బండల మీద పడిందని కోడలు చీపురు తెచ్చింది. "ఊడవమాకమ్మా" అన్నాడు తలెత్తకుండా.

"అన్నయ్యకి చూపించావా?" అన్నాడు.

"నాన్న లేరుగా బాబాయ్."

"తెలుసులేవే. సమాధి దగ్గర పెట్టావా అంటన్నా."

"లేదు. తిన్నగా ఇటే వచ్చా."

"పెట్టమాక. నేను పెడతా" అని రెండు చేతులూ కుర్చీకి ఆనించి లేవబోయాడు. లేవలేకపోయాడు. మళ్ళీ లేవబోయాడు. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, కుర్చీ కిందకి వంగి వెతుకుతూ, "నా చెప్పులెక్కడ పెట్టారే?" అని ఇల్లంతా వినిపించేలా అరిచాడు.